ఆ దోమను చూపించిందెవరు?

సికింద్రాబాద్‌లో వేరున్న నవల ఒకటి... ఉప్పల్, నాచారంలో చదివినవాళ్లు ఐదుగురు... తీర్పులు మాత్రం ఐదు!

రెజ్యూమె చివర్లో 'హాబీస్' అని ఒక లైను ఉంటుంది కదా. అక్కడ 'రీడింగ్ బుక్స్' అని రాసినవాళ్లు ఒకసారి చేయెత్తండి. సిగ్గుపడకండి, చాలామందిమి అదే రాశాం. రాయడం వరకు బాగానే ఉంటుంది. ఇంటర్వ్యూలో 'ఈమధ్య ఏం చదివారు?' అని అడిగితే పేరు చెప్పేస్తాం. 'ఎలా ఉంది?' అంటే 'బాగుంది సర్' అంటాం. 'ఏం బాగుంది?' అనే మూడో ప్రశ్న దగ్గరే బండి ఆగిపోతుంది. ఎందుకంటే దానికి సమాధానం బ్యాక్ కవర్ మీద ఉండదు, నెట్‌లో దొరికే సమ్మరీలోనూ ఉండదు.

ఆ మూడో ప్రశ్న కోసం ఈసారి ఒక నవలను పట్టుకుందాం. అమితవ్ ఘోష్ రాసిన 'ది కలకత్తా క్రోమోజోమ్'. 1990ల నడుమ ఇంగ్లిష్‌లో వచ్చింది. 1997లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు దీనికే దక్కింది. ఘోష్‌కి 2018 సంవత్సరానికి జ్ఞానపీఠ్ వచ్చింది. ఇంగ్లిష్‌లో రాసే రచయితకు ఆ అవార్డు ఇవ్వడం అదే మొదటిసారి. జీకే కోసం ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. ఈ నవలను ఎంచుకోవడానికి కారణం మాత్రం వేరు. పేరులో కలకత్తా ఉన్నా, కథకు వేరు ఉన్నది మన సికింద్రాబాద్‌లో. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా బేగంపేటలో దిగొచ్చు, అంత దగ్గర.

నా దగ్గరున్న ఒకే ఒక కాపీ ఉప్పల్, నాచారం మధ్య ఐదు చేతులు మారి తిరిగొచ్చింది. చదివిన ఐదుగురూ పాతికేళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లే. ఉద్యోగం వెతుకుతున్నవాళ్లు కొందరు, ఈమధ్యే చేరినవాళ్లు కొందరు. ఒకరికి నచ్చిన చోటే ఇంకొకరికి ఒళ్లు మండింది. ఆ గొడవంతా మీ ముందు పెడుతున్నాను. ముందే చెబుతున్నా, కథలో కొంత బయటపడుతుంది. సస్పెన్స్ కావాలనుకునేవాళ్లు పుస్తకం చదివాకే ఇటు రండి.

రెండు కాలాలా, మూడా?

కథ ఇలా మొదలవుతుంది. న్యూయార్క్‌లో అంతర్ అనే ఈజిప్టు మనిషి తన ఫ్లాట్‌లోనే కూర్చుని కంప్యూటర్ ముందు పనిచేస్తుంటాడు. కాలం, రచయిత రాసిన రోజులకు కాస్త ముందున్న భవిష్యత్తు. ఆ కంప్యూటర్ పేరు ఏవా. ప్రపంచంలోని ఎక్కడెక్కడి పాత సామాన్లనో ఒక్కొక్కటిగా చూసి జాబితా రాయడం దాని పని. అర్థం కాని వస్తువు కనిపిస్తే ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి అంతర్ ప్రాణం తీస్తుంది. అతను స్క్రీన్ మీంచి చూపు తిప్పినా పసిగట్టేస్తుంది. వర్క్ ఫ్రమ్ హోమ్, మన మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్, విసిగించే చాట్‌బాట్... మూడూ ముప్పై ఏళ్ల కిందటి నవల మొదటి పేజీల్లోనే ఉన్నాయి. టెక్నాలజీ మీద రాసుకునేవాడిని కాబట్టి నేను అక్కడే పడిపోయాను. అయితే నా సంగతి అలా ఉంచండి.

ఒకరోజు ఏవాకి పాడైపోయిన ఐడీ కార్డు ఒకటి దొరుకుతుంది. అది మురుగన్ అనే పాత సహోద్యోగిది. అతను 1995 ఆగస్టులో కలకత్తా వెళ్లి మాయమైపోయాడు. మలేరియా గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్ గురించి మురుగన్‌కి ఒక పిచ్చి అనుమానం ఉండేది. రాస్ కనిపెట్టలేదు, ఎవరో వెనకుండి ఆయన చేత కనిపెట్టించారు అన్నది అతని వాదన. అక్కడి నుంచి కథ 1890లకి దూకుతుంది. అంతర్ కాలం, మురుగన్ కాలం, రాస్ కాలం అంటూ ఒకదానిలోంచి ఇంకొకటి తెరుచుకుంటుంది. 'నాడు-నేడు' నవల అనుకుని మొదలుపెడితే కాలాలు మూడు తేలుతాయి. మా ఐదుగురి మధ్య మొదటి గొడవ దీని మీదే. 'మురుగన్, అంతర్ ఇద్దరిదీ నేటి కాలమే, రెండే లెక్క' అని ఒకరు, 'కాదు, మూడు' అని ఇంకొకరు. లెక్క ఎలా వేసుకున్నా, మధ్యలో ఎవరు ఎప్పటివాళ్లో కాగితం మీద రాసుకోకపోతే తప్పిపోతారు.

బేగంపేటలో నిజంగా జరిగింది

నవల సంగతి కాసేపు ఆపి అసలు చరిత్ర చూద్దాం. పాఠకుల తగువంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఇది తెలియాలి.

రోనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో సైనిక వైద్యుడు. మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవి ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే చూశాడు. అది ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎలా చేరుతుందో ఎవరికీ అంతుపట్టలేదు. దోమల మీద లండన్‌లోని పాట్రిక్ మ్యాన్సన్‌కి అనుమానం ఉండేది. అయితే దోమలు చచ్చిపడిన నీళ్లు తాగితే జ్వరం వస్తుందేమో అన్నది ఆ రోజుల్లో ఒక ఊహ. ఆయన రాసే ఉత్తరాలే దారిదీపంగా రాస్ 1895లో సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టాడు. దోమలున్న నీళ్లు మనుషుల చేత తాగించి కూడా చూశాడు. అలా తాగినవాళ్లలో లచ్‌మన్ అనే డోలీ మోసే కుర్రాడు ఒకడు. ఆ పేరు రాస్ రాతల్లో ఉంది.

మధ్యలో బెంగళూరు డ్యూటీ పడింది. తిరిగొచ్చాక మళ్లీ దోమలు, మళ్లీ మైక్రోస్కోప్. ఒక్కొక్క దోమను కోసి కణం కణం వెతకడం. ఫలితం సున్నా. కారణం ఇప్పుడు మనకు తెలుసు. ఆయన కోసినవి మలేరియాని మోయని వేరే జాతుల దోమలు. ఏళ్ల తరబడి తప్పు ఫోల్డర్‌లో ఫైల్ వెతికినట్టన్నమాట.

1897 ఆగస్టులో పరిస్థితి మారింది. గోడ మీద తోక పైకెత్తి వాలుగా కూర్చున్న ఒక చిన్న దోమను ఆసుపత్రి సహాయకుడొకరు రాస్‌కి చూపించాడు. రెక్కల మీద మచ్చలున్న రకం. మనం ఇప్పుడు అనాఫిలిస్ అంటున్నది దాన్నే. అది కూర్చునే ఆ తీరును బట్టే ఇప్పటికీ దాన్ని గుర్తుపడతారు. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఒంటి మీద అలాంటి దోమల్ని వాలనిచ్చారు. రక్తం తాగిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 20న, మిగిలిన దోమల్లో ఒకదాని కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు రాస్ కంటబడ్డాయి. ప్రపంచ దోమల దినం ఆ తేదీనే జరుపుకొనేది అందుకే. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథికి చేరడం చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది.

ఇక్కడే ఒక చిన్న ముల్లు ఉంది. రాస్ 1923లో తన జ్ఞాపకాలు అచ్చువేశాడు. గోడ మీద ఆ దోమను చూపించిన సహాయకుడి గురించి అందులో రాశాడు. పేరు మాత్రం మరిచిపోయానని, అందుకు విచారిస్తున్నానని రాసుకున్నాడు.

ఒకసారి ఆలోచించండి. ఏళ్ల తప్పుదారి తర్వాత అసలు దోమ వైపు వేలు చూపించిన మనిషి. అణా తీసుకున్న హుసేన్ ఖాన్ పేరుంది. కలకత్తాలో సాయం చేసిన మహమ్మద్ బక్స్ పేరుంది. ఈ మనిషి పేరే లేదు. ఘోష్ నవల మొలిచింది ఇలాంటి ఖాళీల్లోంచే. నవలలో ఆ ఖాళీని కలకత్తా ల్యాబ్‌లో ఊడ్చే మంగళ, డోలీలు మోసే లచ్‌మన్, వాళ్ల రహస్య బృందం నింపుతారు. చదువులేదనుకున్న ఆ మనుషులకు రాస్ కన్నా ఎక్కువ తెలుసు. వాళ్ల లక్ష్యమూ వేరే. మలేరియా ద్వారా ఒక మనిషి లోపలి మనిషిని ఇంకో శరీరంలోకి పంపడం, అంటే చావు లేకుండా చేసుకోవడం. రాస్ వాళ్ల చేతిలో ఒక పనిముట్టు మాత్రమే.

'బగ్ ఓపెన్‌లో ఉండగానే టికెట్ క్లోజ్ చేసిండు'

ఇక తీర్పులు. ఉప్పల్‌లో నా రూమ్మేట్‌గా ఉన్న తమ్ముడు సాఫ్ట్‌వేర్ టెస్టర్. మూడు రాత్రుల్లో ఊదేశాడు. నాలుగో రోజు పొద్దున్నే పుస్తకం నా మంచం మీద పడేసి, 'ఏందన్నా ఇది? బగ్ ఓపెన్‌లో ఉండంగనే టికెట్ క్లోజ్ చేసిండు' అన్నాడు. అతని అభ్యంతరం స్పష్టంగా ఉంది. మిస్టరీ అంటే రచయిత పాఠకుడికి ఇచ్చే మాట. ప్రశ్న పెట్టినవాడే జవాబు చెప్పాలి. మంగళ చివరికి ఏమైంది, ఎవరిలోకి ఎవరు వెళ్లారు, అంతర్‌కి జరిగింది మంచా చెడా... ఏదీ తేల్చి చెప్పడు. మురుగన్ వాదన మొత్తం 'ఆధారం లేదు, కాబట్టి ఎవరో దాచారు' అనే లాజిక్ మీద నిలబడింది. 'రేపు నేనొచ్చి లాగ్స్‌లో ఏం లేదు, అందుకే హ్యాకర్ ఉన్నడు అంటే మేనేజర్ నమ్ముతడా?' అని అడిగాడు. ఈ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. మురుగన్ లాంటి మనుషులు ఇవాళ మన వాట్సాప్ గ్రూపుల నిండా ఉన్నారు. ఖాళీ కనిపిస్తే చాలు, కుట్ర కథ అల్లేస్తారు.

ఇదే పుస్తకం నాచారం చేరింది. అక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల తయారీ సంస్థ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేస్తున్న ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అమ్మాయి చదివింది. క్రోమోజోమ్ సంగతి ఆమె ఒక్క నవ్వుతో కొట్టేసింది. శరీరంలో ఎక్కడా మామూలు పద్ధతులకు దొరకని క్రోమోజోమ్ అనేది మాటల గారడీ అంది. హబ్సిగూడలోని సీసీఎంబీ గేటు ముందు నిలబడి ఎవరినడిగినా అదే చెబుతారట. మరి పుస్తకం చెత్తా అంటే, కాదంది. రాస్ సహాయకుడి పేరు విషయం ఆమెను వదల్లేదు.

ఎందుకో అర్థం కావాలంటే ఫార్మా ల్యాబ్ పద్ధతి తెలియాలి. మీలో బీఫార్మసీ, ఎమ్మెస్సీ చేసి నాచారం, చర్లపల్లి వైపు ఉద్యోగాలు చూస్తున్నవాళ్లకు ఇది ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది. అక్కడ 'అల్కోవా' అనే సూత్రం ఉంటుంది. నమోదు చేసే ప్రతి వివరానికీ ఐదు లక్షణాలుండాలి. మొదటిది 'అట్రిబ్యూటబుల్', అంటే ఆ పని ఎవరు చేశారో తెలియాలి. తర్వాత చదవగలిగేలా ఉండాలి, అప్పటికప్పుడే రాయాలి, అసలు ప్రతి అయి ఉండాలి, కచ్చితంగా ఉండాలి. రాయకపోతే ఆ పని జరగనట్టే లెక్క. బ్యాలెన్స్ మీద బరువు చూసింది మీరైతే సంతకం మీదే. సీనియర్ వచ్చి పెట్టడానికి లేదు.

ఆ కళ్లతో చూస్తే 1897 ఆగస్టు రికార్డులో మొదటి అక్షరం దగ్గరే లోపం ఉంది. 'దోమను కోసినాయన పేరు దొరుకుతుంది, చూపించినాయన పేరు దొరకదు. మా దగ్గరైతే ఆడిట్‌లో అబ్జర్వేషన్ రాసేవాళ్లు' అంది ఆమె. మంగళ నిజమా కాదా అన్నది ఆమెకు ముఖ్యం కాదు. ల్యాబ్‌లో స్లైడ్లు కడిగేవాళ్లు, ఊడ్చేవాళ్లు అన్నీ చూస్తుంటారని, వాళ్లను మాత్రం ఎవరూ చూడరని నవల పట్టుకుందట. 'మా ల్యాబ్‌లో గ్లాస్‌వేర్ కడిగే అక్క, ఏ ఫ్లాస్కులో ఏం మిగిలిందో వాసన చూడకుండానే చెబుతుంది. ఆమె మాట ఏ రిపోర్టులోనూ ఉండదు' అని ఊరుకుంది. టెస్టర్ తమ్ముడు ఖాళీ అన్న చోటే ఈమెకు మనిషి కనిపించింది.

ఏ ఆప్షన్ పెట్టాలి?

మూడో పాఠకుడు ఉప్పల్‌లోని ఒక స్టడీ హాల్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునే గ్రూప్స్ అభ్యర్థి. పుస్తకాన్ని నోట్స్ రాసుకుంటూ చదివాడు. సగంలో కోపం వచ్చింది. 'అన్నా, ఇందులో ఏది నిజం, ఏది కల్పన? పరీక్షలో వస్తే ఏ ఆప్షన్ పెట్టాలి?' నవ్వొచ్చే ప్రశ్నలా ఉంటుంది కానీ సరైన ప్రశ్నే. రాస్, మ్యాన్సన్, లావెరాన్ నిజం. కలకత్తాలో ల్యాబ్ నడిపిన కన్నింగ్‌హామ్ నిజం. సిఫిలిస్ ముదిరి మెదడు దెబ్బతిన్న రోగులకు మలేరియా జ్వరం ఎక్కించి వైద్యం చేయడం కల్పనలా అనిపిస్తుంది కానీ అదీ నిజమే. ఆ వైద్యానికి వాగ్నర్-యౌరెగ్‌కి 1927లో నోబెల్ ఇచ్చారు. మంగళ, మురుగన్, అంతర్, విలేకరి ఊర్మిళ, రచయిత ఫూల్‌బోని కల్పితాలు. లచ్‌మన్ దగ్గరే చిక్కు. పేరు చరిత్రలోది, జీవితం నవలలోది.

ఇతని అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నవల చదివి, మలేరియాని కనిపెట్టింది ఒక ఊడ్చే మనిషి అని ఎక్కడో రాసేస్తే, అది పదిమంది ఫార్వర్డ్ చేస్తే, రేపు అదే చరిత్ర అయి కూర్చుంటుంది. అలాగని నవలకు ఫుట్‌నోట్లు అడగలేం. చారిత్రక నవల చదివాక, చరిత్ర ఎక్కడ ఆగిందో, కల్పన ఎక్కడ మొదలైందో వెతుక్కునే పని పాఠకుడిదే. ఈ తమ్ముడు తిట్టుకుంటూనే ఆ పని చేశాడు. ఐదుగురిలో రాస్ గురించి ఇప్పుడు అందరికన్నా ఎక్కువ తెలిసింది అతనికే.

నాలుగో మనిషి ఈసీఈ ఫైనలియర్. నాచారంలో మేనమామ ఇంట్లో ఉంటూ చదువుకుంటున్నాడు. అరవై పేజీలకే ఆపేశాడు. తర్వాత రేణుపూర్ స్టేషన్ భాగం ఒక్కటి చదవమని బతిమాలితే చదివాడు. ఊరికి దూరంగా, రైళ్లు పెద్దగా ఆగని స్టేషన్. సిగ్నల్ గదిలో రాత్రి గడపాల్సొచ్చిన మనిషి. పట్టాల మీద లాంతరు... అది చదివాక రాత్రి లైటు తీయలేదట. 'ఇదొక్కటే తీస్తే హిట్టు సినిమా మామా' అన్నాడు ఫోన్‌లో స్నేహితుడితో, నేను పక్కనుండగానే. నా మాటా అదే. పుస్తకం మొత్తంలో గొప్పగా రాసింది ఆ స్టేషన్ భాగమే. చివరి వంద పేజీల్లో మాత్రం హడావుడి ఎక్కువ. ఊర్మిళ, సోనాలి మనకు దగ్గరయ్యేలోపే కథ వాళ్లను లాక్కుపోతుంది.

అతను మిగతా పుస్తకం ఎందుకు వదిలేశాడో ఆలోచిస్తే నాకు ఒకటి తట్టింది. రెండు కాలాల కథ మన తెలుగువాళ్లకు కొత్త కాదు. 'మూగమనసులు' (1964) చూసిన తాతయ్యలున్నారు. 2009లో 'అరుంధతి', 'మగధీర' రెండూ చూసిన తరం మనది. 2021లో వచ్చిన 'శ్యామ్ సింగ రాయ్' అయితే కలకత్తాకే తీసుకెళ్లింది. వీటన్నింటిలో ఒక ఒప్పందం ఉంది. ఫ్లాష్‌బ్యాక్ మొదలైందంటే లెక్క తేలబోతోందని అర్థం. నాటి బాకీ నేడు తీరిపోతుంది. ఘోష్ నవలలోనూ ఒకరకం పునర్జన్మే ఉంది, దేవుడి చేత్తో కాకుండా జ్వరం చేత్తో. కానీ బాకీ తీరదు, పైగా పెరుగుతుంది. ఫ్లాష్‌బ్యాక్‌లో ఇంకో ఫ్లాష్‌బ్యాక్, దానిలో ఇంకొకరు చెప్పిన మాట. మన కళ్లకు ఇంకో రకం అలవాటుంది కాబట్టి విసుగొస్తుంది. అది పాఠకుడి తెలివితక్కువతనం కాదు, నవల లోపమూ అనలేను. ఎదురుచూసింది ఒకటి, దొరికింది ఇంకొకటి, అంతే.

చలిజ్వరం తెలిసినవాడు

ఐదో పాఠకుడి మాటలు తక్కువ. భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చి ఉప్పల్‌లో ఉంటూ ఉద్యోగం వెతుకుతున్నాడు. చిన్నప్పుడు రెండుసార్లు మలేరియా వచ్చిందట. మాకు కథలా ఉన్నది అతనికి గుర్తులా ఉంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా ఆగని వణుకు, తర్వాత కాలిపోయే ఒళ్లు, మాత్ర చేదు. 'జ్వరం ఎక్కినప్పుడు నిన్న, ఇవాళ కలిసిపోతయ్. ఎవరో వచ్చి మాట్లాడినట్టుంటది. మీరు కాలాలు కలగాపులగం అయినయ్ అంటున్నరు కదా, నాకు అట్లనే సరిగ్గా అనిపించింది' అన్నాడు.

నవలకున్న ఉపశీర్షికలో జ్వరాలు, సంధి ప్రేలాపన, ఆవిష్కరణ అనే మూడు మాటలున్నాయి. మేమందరం మూడోదాన్ని పట్టుకుని కొట్టుకుంటుంటే, అతను మొదటి రెండింటినీ చదివాడు. కథ కుదురుగా నడవకపోవడం లోపమా, ఉద్దేశమా అన్న మా వాదన అతను మాట్లాడాక కాస్త చల్లబడింది. టెస్టర్ తమ్ముడు మాత్రం ఒప్పుకోలేదు. 'జ్వరం వస్తే జ్వరం అని రాయాలె, నాకెందుకు ఎక్కియ్యాలె?' అన్నాడు.

నా ఓటు ఎటు అని అడుగుతారేమో. అంతం తేల్చకపోవడం నాకు సమస్య కాదు. రాస్ సహాయకుడి పేరు ఇప్పటికీ తేలలేదు కదా, దాని మీద కట్టిన నవల అన్నీ తేల్చేస్తే అది అబద్ధంలా ఉండేది. నాకు ఇబ్బంది వేరే చోట ఉంది. పేరు లేని సహాయకుడికి గౌరవం ఇవ్వడానికి అతన్ని అంతా తెలిసిన రహస్య సంఘంలో సభ్యుడిని చేయాలా? గోడ మీద దోమను సరిగ్గా చూసిన కళ్లు చాలవా? నిజ జీవితంలో ఆ మనిషి బహుశా రోజూ వార్డులో తిరిగే మామూలు ఉద్యోగి. మామూలు మనిషి మామూలుగా గమనించడమే నాకు మంగళ మాయ కన్నా గొప్పగా అనిపిస్తుంది. నాచారం అమ్మాయి ఈ మాటతో ఒప్పుకోదు. 'మామూలు మనిషి అంటే ఎవరూ పట్టించుకోరు అన్నా, అందుకే ఆయన దెయ్యం కథ రాయాల్సొచ్చింది' అంటుంది.

ఇంటర్వ్యూ గదిలో

ఇప్పుడు ఆ మూడో ప్రశ్నకు వద్దాం. పైన ఐదుగురూ 'బాగుంది', 'బాలేదు' దగ్గర ఆగలేదు, గమనించారా? ఒక్కొక్కరూ పుస్తకంలో ఒక చోటు మీద వేలుపెట్టి, అక్కడ ఎందుకు ఆగారో చెప్పారు. ఆ కారణం వాళ్ల పనిలోంచో బతుకులోంచో వచ్చింది. టెస్టర్ ఆధారం అడిగాడు, కెమిస్ట్ సంతకం అడిగింది. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మీ నుంచి కావాల్సింది అదే. ఆ నవల వాళ్లు చదివి ఉండకపోవచ్చు, చదవాల్సిన అవసరమూ లేదు. ఒక విషయం మీద మీకు అభిప్రాయం ఎలా ఏర్పడుతుందో వాళ్లు చూస్తున్నారు. గ్రూప్ డిస్కషన్‌లోనూ అంతే. టాపిక్ ఏఐ అయినా రిజర్వేషన్లయినా, ఎదుటివాళ్లు అదే విషయాన్ని ఇంకోలా ఎందుకు చూస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పగలిగినవాళ్ల వైపు ప్యానెల్ తల తిప్పుతుంది.

చాట్‌బాట్‌ని అడిగి సమాధానం బట్టీ పడదామనుకునేవాళ్లకు ఒక మాట. అది చెప్పేది తప్పు కాకపోవచ్చు. అదే సమాధానం మీ ముందు వెళ్లిన నలుగురూ చెప్పి ఉంటారు, అదీ అదే వరసలో. నచ్చని పుస్తకాన్ని నచ్చలేదనే చెప్పండి, ఫర్వాలేదు. అరవై పేజీలకే ఆపేసినా చెప్పొచ్చు. 'ఆపేశాను, ఎందుకంటే మూడు కాలాల మధ్య ఎవరు ఎవరో పట్టుకోలేకపోయాను, కానీ స్టేషన్ భాగం మాత్రం మర్చిపోలేను' అంటే అది నిజమైన సమాధానం. దాని మీద ఇంకో ప్రశ్న అడిగినా మీరు నిలబడగలరు. చదవని దాన్ని చదివానంటే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

రచయిత పేరు, కథ రెండు మాటల్లో, మీరు ఆగిన చోటు, ఆగిన కారణం. ఇవన్నీ ఒకటిన్నర నిమిషంలో చెప్పొచ్చు. అద్దం ముందు కాకుండా, మీతో ఒప్పుకోని ఫ్రెండ్ ముందు చెప్పి చూడండి. అడ్డు తగిలే మనిషి ఉంటేనే మాటకు పదును వస్తుంది.

ఇంగ్లిష్ గురించి భయపడేవాళ్లకు... ఈ నవలలో భాష మరీ కఠినం కాదు. సంభాషణలు ఎక్కువ. మురుగన్ అయితే అమెరికా యాసలో గడగడా వాగుతూనే ఉంటాడు. కష్టమంతా కాలాల దూకుడుతోనే. రెండు భాగాల పుస్తకం. మొదటిదాని పేరే 'ఆగస్టు 20: దోమల దినం'. అది పూర్తయ్యేసరికి మీకు సాగుతుందో లేదో తెలిసిపోతుంది.

ఆదివారం ఖాళీగా ఉంటే బేగంపేట వెళ్లి రండి. నాగోల్-రాయదుర్గం లైన్. ఉప్పల్ నుంచి ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్ మీదుగా పోతుంది. పాత విమానాశ్రయం దగ్గర, రాస్ పనిచేసిన భవనం ఆయన పేరుతోనే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోని సర్ రోనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పారాసైటాలజీ. లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది. నాచారం అమ్మాయి, టెస్టర్ తమ్ముడు కలిసి ఒకసారి వెళ్లాలనుకుంటున్నారు. గోడ మీద ఎవరి పేర్లున్నాయో చూసి రావాలని ఆమె. అక్కడ ఏ పేరూ లేకపోతే దాన్నీ ఆధారం అంటుందేమోనని అతని అనుమానం.